ఏఐ వార్తలు చదవడం ఎలా? 4వ పాఠం: ఆల్ఫాజీరో దగ్గర తడబడినవాళ్లకు

పోయిన పాఠం చివర, డీప్ బ్లూ, ఆల్ఫాజీరో అనే ఆటలాడే యంత్రాలు నారో ఏఐయా (ఒక్క పనికే పనికొచ్చేది), ఏజీఐయా (మనిషిలా ఏ పనైనా నేర్చుకోగలిగేది) అని అడిగాను. జవాబులు వచ్చాయి. డీప్ బ్లూ దగ్గర అందరూ గట్టెక్కారు. చదరంగం తప్ప ఇంకేమీ రాదు కాబట్టి నారో ఏఐ అన్నారు, సరిపోయింది. ఆల్ఫాజీరో దగ్గరికొచ్చేసరికి గుణుపురం నుంచి బరంపురం దాకా ఒకటే పాట: "మాస్టారూ, దానికి చదరంగం, షోగీ (జపాన్ చదరంగం), గో (నల్ల తెల్ల రాళ్లతో ఆడేది) మూడూ వచ్చు కదా, ఏజీఐకి దగ్గరపడినట్టే కదా!" కాశీనగర్ నుంచి ఒకమ్మాయి ఇంకో అడుగు ముందుకేసి, ఇలాంటివి వంద కలిపితే ఏజీఐ అయిపోదా అని అడిగింది. అందుకని ఈ వారం చెబుదామనుకున్న భాషా నమూనాలను (చాట్‌బాట్‌ల వెనక ఉండేవి) పక్కన పెడుతున్నాను. ముందు ఈ ముడి విప్పాలి.

ఆల్ఫాజీరో అన్న పేరు ఒకటే గానీ, ఆడే యంత్రాలు మూడు. 2017 డిసెంబరులో గూగుల్‌కు చెందిన డీప్‌మైండ్ వాళ్లు మూడు ఆటలకూ ఒకే అల్గారిథమ్ (నేర్పే పద్ధతి) వాడిన మాట నిజం. కానీ ఒక్కో ఆటకు ఒక్కో న్యూరల్ నెట్‌వర్క్‌ను (అనుభవంతో తనను తాను సరిదిద్దుకునే ప్రోగ్రామ్‌ను) మొదటి నుంచీ విడిగా తయారుచేశారు. చదరంగం నేర్చిన నెట్‌వర్క్ 8×8 గళ్ల కోసం కట్టినది. దాని ముందు 19×19 గో బల్ల పెడితే ఎత్తు వేయడం మాట దేవుడెరుగు, ఆ బల్లను లోపలికి తీసుకోవడమే దానికి చేతకాదు. ఒకే ట్యూషన్ మాస్టారి దగ్గర ముగ్గురు పిల్లలు మూడు వేర్వేరు పరీక్షలు పాసైతే, ఒక్క పిల్లాడికే మూడూ వచ్చేసినట్టా? శిక్షణ పద్ధతి చాలా చోట్ల పనికొస్తుంది, శిక్షణ పొందిన యంత్రం మాత్రం ఒక్కచోటే పనికొస్తుంది. ఈ రెండిటినీ ఒకే వాక్యంలో కలిపేసే వార్త కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. వారానికొకటైనా కనబడుతుంది.

మరి నారో ఏఐ పరిశోధన వల్ల ఏజీఐ పరిశోధనకు ఒరిగిందేమిటి? వరసగా చూడండి. 1997లో చదరంగం ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించిన డీప్ బ్లూలో చదరంగం కోసమే చేసిన చిప్‌లు, గ్రాండ్‌మాస్టర్ల సాయంతో సరిదిద్దిన లెక్కలు ఉన్నాయి. వేరే ఆటకు పట్టుకెళ్లడానికి అందులో పెద్దగా ఏమీ మిగల్లేదు. 2016లో గో ఆటలో మేటి అయిన లీ సెడోల్‌పై 4–1తో గెలిచిన ఆల్ఫాగో మొదట మనుషుల ఆటలు చూసి నేర్చుకుంది. 2017లో ఆల్ఫాగో జీరోకు ఆ ఆటలు కూడా ఇవ్వలేదు, నియమాలు చెప్పి తనతో తననే ఆడించారు. 2019 నాటి మ్యూజీరోకు నియమాలూ చెప్పలేదు. ప్రతిసారీ మనిషి ముందుగా అందించే సాయం తగ్గుతూ వచ్చింది. ఏజీఐ మీద పనిచేసేవాళ్లు ఏరుకునేది ఈ తగ్గుదలనే. గెలుపోటముల పట్టిక పత్రికలకు.

ఇక వంద కలపడం సంగతి. 2022లో గాటో అనే ఒకే నెట్‌వర్క్‌కు అటారీ వీడియో ఆటలు, బొమ్మలకు వ్యాఖ్యలు రాయడం, రోబో చేతితో దిమ్మలు పేర్చడం వంటి 604 పనులు నేర్పారు. అయినా 605వ పనికి మళ్లీ ఉదాహరణలు చూపించక తప్పదు. ఏఐ పరిశోధకుడు ఫ్రాన్సువా షోలే 2019లో పట్టుబట్టింది ఈ విషయం మీదే: ఎన్ని పనులు వచ్చు అని కాదు, కొత్త పనిని ఎంత తక్కువ చూసి నేర్చుకోగలదో కొలవమన్నాడు. అందుకోసమే రెండు మూడు ఉదాహరణలు చూసి నియమం పట్టుకోవాల్సిన ఏఆర్‌సీ అనే పజిళ్లు తయారుచేశాడు. మన పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక వ్యక్తిని ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నారు. షోలే కొలత ఆయనకు పెట్టి చూడండి.

అలాగని చిన్న సమస్యను తీసిపారేయకండి. 2017లో ట్రాన్స్‌ఫార్మర్ అనే నెట్‌వర్క్ నిర్మాణాన్ని ఇంగ్లీషు నుంచి జర్మన్, ఫ్రెంచ్ అనువాదాల మీద పరీక్షించి చూపారు. ఇవాళ్టి భాషా నమూనాలు నిలబడింది దాని మీదే. 2020లో ప్రోటీన్ల ఆకారం చెప్పిన ఆల్ఫాఫోల్డ్ 2 ఏజీఐ వైపు ఎవరినీ మోసుకెళ్లక్కర్లేదు. దాన్ని చేసినవాళ్లకు 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా దక్కింది, చాలు. నన్నడిగితే ఏజీఐ కబుర్ల కంటే అలాంటి పనే నాకిష్టం.

వార్త చదివేటప్పుడు నేనైతే "ఇన్ని పనులు చేస్తుంది" అన్న అంకెను పెన్సిలుతో కొట్టేస్తాను. పక్కన రెండు మాటలు రాసుకుంటాను: ముందుగా ఏమిచ్చారు, కొత్త పనికి మారితే మళ్లీ ఏమివ్వాలి. రెండోదానికి జవాబు లేని వార్తను మడిచి పక్కన పెట్టేస్తాను.

అభ్యాసం: కష్టమే, చేయండి. సవర మాట్లాడేవాళ్లను అడిగి పది చిన్న వాక్యాలు, వాటి అర్థాలు రాసుకోండి. ఆరు వాక్యాలను అర్థాలతో సహా ఏదైనా చాట్‌బాట్‌కు ఇచ్చి, మిగతా నాలుగింటి అర్థం అడగండి. అది శిక్షణలోనే సవర చూసి ఉండొచ్చు. అందుకని రెండోసారి పదాలన్నిటి బదులు మీరు కల్పించిన పదాలు పెట్టి, వాక్య నిర్మాణం మాత్రం అలాగే ఉంచి అడగండి. అదే పరీక్ష సవర రాని మీ తమ్ముడికో చెల్లెలికో పెట్టండి. తెలుగు లిపిలో రాసినా, ఒడియా లిపిలో రాసినా ఫర్వాలేదు. రెండు లిపుల్లోనూ పెట్టి తేడా వచ్చిందేమో చూసినవాళ్ల జవాబు ముందు చదువుతాను.