పట్టుచీరలకు కుంకుడు రసం

పట్టుచీరలకు, ఊలు స్వెటర్లకు ఘాటైన సబ్బు పొడి వాడకండి. ఇంట్లోనే కుంకుడు రసం తీసుకోండి. 15 కాయలు కొట్టి, గింజలు తీసేసి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున పావుగంట మరిగించి, చల్లారాక బాగా పిసికి పలుచటి గుడ్డలో వడకట్టండి. పిసికేటప్పుడు కళ్లలో పడకుండా చూసుకోండి, చాలా మండుతుంది.

అర బకెట్ చల్లటి నీళ్లకు ఒక గ్లాసు చాలు. నురగ తక్కువొచ్చినా కాయలో సబ్బులా పనిచేసే సపోనిన్ అనే పదార్థం మురికిని వదిలిస్తుంది. రంగు పోతుందేమోనని అనుమానముంటే ముందు చీర లోపలి అంచు తడిపి చూడండి. తెల్లబట్టలకు మాత్రం వద్దు, పసుపు ఛాయ వస్తుంది. రసం నిలవుండదు, ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో వాడేయండి. మిగిలిన పిప్పితో నేనైతే ఇత్తడి చెంబులు తోముతాను.