ఓనర్ కిరాయి వద్దన్నాడంటే అప్పుడే జాగ్రత్తపడాలి

పాతికేళ్లు సికింద్రాబాద్‌లో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా పనిచేశాను. నాకూ సొంతిల్లు లేదు, చిలకలగూడలో రెండు గదుల పోర్షన్. ఖాళీ చేయించే కేసులు కట్టలు కట్టలు మోశాను కాబట్టి చెబుతున్నా: కిరాయి కట్టి కూడా కట్టినట్టు కాగితం లేక ఓడిపోయినవాళ్లే ఎక్కువ.

ఇళ్లల్లో పనిచేసే అక్క ఒకామె మా వాడలో రేకుల గదిలో తొమ్మిదేళ్లుగా ఉంటోంది. కిరాయి మూడు వేలు. ఓనర్‌కు ఆ పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టాలని ఉంది. ఒకటో తారీఖున డబ్బు తీసుకెళ్తే "ఇప్పుడొద్దులేమ్మా, తర్వాత తీసుకుంటా" అన్నాడు. రెండో నెలా అదే మాట. మంచి మనిషి అని అక్క మురిసిపోయింది. నేను మాత్రం తల పట్టుకున్నా. ఇంకొన్నాళ్లు ఆగితే ఆ మనిషే "కావాలని కిరాయి ఎగ్గొట్టింది" అని కేసు వేయగలడు.

దీనికి మందు 1960 నాటి కిరాయి చట్టంలోనే, 8వ సెక్షన్‌లో ఉంది. ఓనర్ కిరాయి తీసుకోకపోతే, "ఏ బ్యాంకులో వేయమంటారో పది రోజుల్లో చెప్పండి" అని ఉత్తరం రాయాలి. చెప్పకపోతే మనియార్డర్ చేయాలి. దాని కమిషన్ కిరాయిలోంచే పట్టుకోవచ్చు. అదీ తిప్పి పంపితే రెంట్ కంట్రోలర్, అంటే కిరాయి తగాదాలు తేల్చే అధికారి దగ్గర జమ చేయాలి. తొమ్మిదో తరగతి చదివే కూతురు నోట్‌బుక్ కాగితం చింపి, నేను చెబుతుంటే ఉత్తరం రాసింది. దాన్ని ఫోటో తీసి స్పీడ్ పోస్టులో పంపాం. కొన్ని రోజులకు కవరు మీద "రెఫ్యూజ్డ్", అంటే ఓనర్ తీసుకోనన్నాడని రాసి వెనక్కి వచ్చింది. అక్క కవరు అంచు పట్టుకుని చింపబోతుంటే "చింపొద్దక్కా!" అని అరిచినంత పని చేశా. ఆ అతికించిన కవరే సాక్ష్యం. అలాగే బీరువాలో పెట్టాలి.

ఒక మెలిక ఉంది. హైదరాబాద్‌లో నెల కిరాయి 3,500 దాటినా, ఇల్లు కట్టి పదిహేనేళ్లు కాకపోయినా ఈ చట్టం వర్తించదు. అలాంటివాళ్లు ఓనర్ నంబరుకు ఫోన్‌పేలో పంపి, "మార్చి కిరాయి" అని రాయండి. నగదే కావాలంటే పుస్తకంలో ప్రతి నెలా సంతకం పెట్టించుకోండి. సంతకానికి ఓనర్ మొహమాటపడ్డా మీరు పడొద్దు. అగ్రిమెంటు లేదని కంగారు కూడా వద్దు. నోటిమాట మీద ఉన్నా మీరు కిరాయిదారులే. నెలవారీ కిరాయికి కనీసం పదిహేను రోజుల నోటీసు రావాలి, దాని తర్వాత కూడా మీరు కదలకపోతే ఓనర్ కోర్టుకే వెళ్లాలి.

ఈ లోపు కొందరు ఓనర్లు నీళ్ల మోటర్ బంద్ చేస్తారు, కరెంటు తీసేస్తారు. గొడవకు దిగకుండా తారీఖు పడేలా వీడియో తీయండి. పాత చట్టం కిందకు వచ్చే ఇల్లైతే, మళ్లీ ఇప్పించమని రెంట్ కంట్రోలర్‌ను అడగొచ్చు. ఎవరైనా కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకొస్తే "కోర్టు ఆర్డర్ ఉంటే చూపించండి సార్" అని మర్యాదగా అడగండి. కోర్టు ఖాళీ చేయించాలంటే బేలిఫ్, అంటే కోర్టు ఉద్యోగి, కాగితంతో వస్తాడు.

మీరు పనికి పోయినప్పుడు తాళం వేసేస్తే 100కు ఫోన్ చేయండి. తాళం మీరు పగలగొట్టొద్దు, కేసు మీ మీదికి తిరుగుతుంది. బలవంతంగా బయటపెట్టిన నాటి నుంచి ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేస్తే, ఇల్లెవరిదన్న చర్చ లేకుండా మళ్లీ లోపలికి పంపమని అడగొచ్చు. ఆరు నెలలు దాటాయా, ఆ దారి మూసుకుపోయినట్టే.

వకీలుకు డబ్బుల్లేవంటే 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లండి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. ఆధార్, కిరాయి పుస్తకం, ఆ కవరు తీసుకెళ్లండి.

నా మాట అడిగితే, కోర్టు దాకా పోకుండా గడువు సంపాదించడమే చాలాసార్లు మేలు. కాగితాలు చేతిలో ఉన్నాయని తెలిశాక అక్క ఓనర్ కూడా దిగొచ్చాడు. అమ్మాయి పరీక్షలయ్యేదాకా ఉండనివ్వాలని, అడ్వాన్స్ మొత్తం తిరిగివ్వాలని రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఏప్రిల్ నెలాఖరున సామాను ఆటోలోకి ఎక్కాక, అక్క మీటర్ రీడింగ్ ఫోటో తీసింది, గోడలూ నల్లా కూడా తీసింది. అడ్వాన్స్ గడప దగ్గరే రెండుసార్లు లెక్కపెట్టుకుని, అప్పుడు తాళం చెవి ఇచ్చింది.