శిలాజాలు లేని రూపాంతర అవక్షేప శిలల స్తరక్రమాన్ని నిర్ధారించే విధానం

ఇసుక, బురద, సున్నపు మడ్డి పొరలుగా పేరుకుని, తరువాత భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ లోనై మారిపోయిన శిలా సముదాయాలలో శిలాజాలు సాధారణంగా మిగలవు. పొరలు మడతలు పడి, కొన్నిచోట్ల పూర్తిగా తలకిందులై ఉంటాయి. ఇటువంటి సముదాయం ఎదురైనప్పుడు ముందుగా దాని వయసు కోసం వెతకడం సహజమే కానీ, ఏ పొర ముందు ఏర్పడింది, ఏది తరువాత ఏర్పడింది అన్నది తేలకుండా ప్రయోగశాలకు పంపిన నమూనా ఎంత కచ్చితమైన అంకెను తెచ్చినా అది దేని వయసో చెప్పలేము. అందువల్ల ఈ పొరల వరుసను, అంటే స్తరక్రమాన్ని, మొదట క్షేత్రంలోనే నిర్ధారించాలి.

పటం గీసేటప్పుడు శిలను ఇప్పటి రూపాన్ని బట్టి కాక, మొదటి అవక్షేపాన్ని బట్టి విభజించాలి. క్వార్ట్‌జైట్ ఒకప్పటి ఇసుకరాయి, మార్బుల్ ఒకప్పటి సున్నపురాయి, అభ్రకం నిండి పలకలుగా విడిపోయే షిస్ట్ చాలావరకు ఒకప్పటి బురదరాయి. రూపాంతరంలో పెరిగే గార్నెట్ అనే ఖనిజం కనిపించిన చోటల్లా ఒక కొత్త ఫార్మేషన్ (పటంలో విడిగా చూపే శిలా విభాగం) మొదలైందని గీత గీయడం పెద్ద పొరపాటు, ఎందుకంటే రూపాంతర స్థాయిని సూచించే ఖనిజాల సరిహద్దులు పొరలను అడ్డంగా కోసుకుంటూ పోగలవు. ఒకే బురదరాయి ఒక లోయలో తక్కువగా మారిన, సన్నని రేణువుల ఫిల్లైట్‌గా, కొన్ని కిలోమీటర్ల అవతల గార్నెట్ షిస్ట్‌గా కనబడవచ్చు. సులభంగా గుర్తుపట్టగలిగే పలుచని పొర ఒకటి, ఉదాహరణకు గ్రాఫైట్ షిస్ట్ గానీ మార్బుల్ పట్టీ గానీ దొరికితే, దానిని వదలకుండా మైళ్ళ తరబడి అనుసరించాలి. మడతల ఆకారం బయటపడేది అటువంటి పొరవల్లనే.

ఆ తరువాత ప్రతి ప్రాంతంలోనూ పొర పైవైపు ఏదో కనుక్కోవాలి. క్రాస్ బెడ్డింగ్, అంటే పొర లోపల వాలుగా పేరుకున్న గీతలు, ఉన్న క్వార్ట్‌జైట్ ఇందుకు ఉత్తమమైన ఆధారం: వాలు గీతలు అడుగున మెల్లగా వంగి పొరకు ఆనుకుంటాయి, పైన మాత్రం తరువాతి పొర వాటిని తెగ్గోసినట్లు కనిపిస్తుంది. గ్రేడెడ్ బెడ్డింగ్‌లో ముతక రేణువులు అడుగున, సన్నవి పైన ఉంటాయి. అయితే రూపాంతరం ఇక్కడ మోసం చేయగలదు. పొర పైభాగంలోని బంకమట్టిలో అల్యూమినియం ఎక్కువ కనుక గార్నెట్, స్టారోలైట్ వంటి పెద్ద స్ఫటికాలు అక్కడే పెరిగి, ఒకప్పటి సన్నని భాగమే ఇప్పుడు ముతకగా కనబడుతుంది. కాబట్టి స్ఫటికాల పరిమాణాన్ని కాక, వాటి మధ్య మిగిలిన క్వార్ట్‌జ్ రేణువులను, అభ్రకం పాళ్ళను చూడాలి. ఒకే ఆధారంతో తీర్పు చెప్పకూడదు. ఒకే మడత పార్శ్వంలో పలుచోట్ల వేర్వేరు ఆధారాలు ఒకే దిశను చూపినప్పుడే దానిని పటంలో గుర్తించాలి. పక్కలకు జారే ఒత్తిడికి (షియర్) బాగా లోనైన శిలలో క్రాస్ బెడ్డింగ్ కోణాలే మారిపోతాయి. అక్కడ నిర్ణయం చేయకుండా ఖాళీ వదలడమే సరైనది.

స్కాట్లండ్‌లోని డాల్రేడియన్ అనే రూపాంతర అవక్షేప శిలలు ఈ పద్ధతి విలువను బాగా చూపుతాయి. 1930లో బెయిలీ, ఫోగ్ట్, టాంటన్ అనే భూవిజ్ఞానులు పొరల పైదిశను చూపే ఆధారాలను అక్కడ ప్రయోగించిన ఫలితంగా, అంతవరకు అనుకున్న వరుసను కొన్ని ప్రాంతాలలో తిరగవేయవలసి వచ్చింది. మడతల ఆకారాన్ని మాత్రమే నమ్మితే ఇది బయటపడేది కాదు.

క్రమం స్థిరపడ్డాక వయసును ఒక అంకెగా కాక, రెండు హద్దుల మధ్య వ్యవధిగా వెతకాలి. కింది హద్దును సాధారణంగా ఇసుకతో కొట్టుకొచ్చిన జిర్కాన్ (యురేనియంను ఇముడ్చుకునే గట్టి ఖనిజం) రేణువులు ఇస్తాయి: అవక్షేపం తనలోని రేణువులకంటే పాతది కాజాలదు. నమూనాలో 5 శాతం ఉన్న వయసు వర్గం ఏదీ జారిపోలేదని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే 117 రేణువులను యురేనియం సీసంగా మారడాన్ని బట్టి వయసు లెక్కించే యురేనియం-సీసం పద్ధతిలో కొలవాలి. అన్నిటికంటే చిన్న వయసు చూపిన ఒక్క రేణువును హద్దుగా తీసుకోకూడదు. సీసం కొంత జారిపోయిన రేణువు అసలుకంటే కొత్తదిగా కనబడుతుంది. కనీసం మూడు రేణువుల వయసులు పరస్పరం కలిసినప్పుడే అది హద్దు. కొలిచే ముందు రేణువు లోపలి పెరుగుదల పొరలను చూపే కేథోడోల్యూమినిసెన్స్ చిత్రాలు తీయడం తప్పనిసరి, ఎందుకంటే రూపాంతర సమయంలో పెరిగిన అంచును పొరపాటున కొలిస్తే ఆ వయసు అవక్షేపణది కాక, తరువాతి వేడిమిది అవుతుంది. థోరియం-యురేనియం నిష్పత్తి 0.1 కంటే తక్కువగా ఉంటే ఆ అనుమానం బలపడుతుంది.

పై హద్దును, అంటే అవక్షేపం అంతకంటే కొత్తది కాజాలదనే హద్దును, పొరలను కోసుకుంటూ చొచ్చిన గ్రానైట్ గానీ, రూపాంతరంలో పెరిగిన మోనజైట్, గార్నెట్ ఖనిజాలు గానీ ఇస్తాయి. రెండు హద్దుల మధ్య దూరం కోట్ల ఏళ్ళు ఉండవచ్చు. దానిని కుదించగలిగేది పొరల మధ్యనే పడిన లావా లేదా అగ్నిపర్వత బూడిద. ఆంఫిబోలైట్ (బసాల్ట్ వంటి శిల మారి ఏర్పడే నల్లని రాయి) పట్టీ కనిపించగానే అది లావా అని సంతోషపడకుండా, అది పొరల మధ్యకు తరువాత చొచ్చిన సిల్ కాదని నిరూపించుకోవాలి. దిండ్ల వంటి లావా ఆకృతులు, పైభాగంలో గాలిబుడగల ఆనవాళ్ళు ఉంటే అది లావా. రెండు వైపులా ఆనుకున్న శిల కాలి ఉంటే సిల్, అప్పుడది పై హద్దుగా మాత్రమే పనికొస్తుంది. డాల్రేడియన్ పైభాగంలోని టేవాలిక్ అగ్నిపర్వత శిలలు సుమారు 60 కోట్ల ఏళ్ళ నాటివని తేలడం వల్లనే ఆ సముదాయానికి నడుమ ఒక గట్టి మేకు దొరికింది.

మార్బుల్స్‌లోని కార్బన్, స్ట్రాన్షియం మూలకాల వేర్వేరు బరువుల రూపాలైన ఐసోటోప్‌లను ప్రపంచ సముద్రాల రికార్డుతో పోల్చవచ్చు గానీ స్వచ్ఛమైన, స్ట్రాన్షియం ఎక్కువగా ఉన్న మార్బుల్‌నే ఎంచుకోవాలి. బంకమట్టి కలిసినది వేడెక్కినప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతూ తన ఐసోటోప్ సంతకాన్ని మార్చుకుంటుంది. హిమానీనద అవక్షేపాలతో పోలిక మరింత జాగ్రత్తగా చేయాలి: డాల్రేడియన్‌లోని పోర్ట్ ఆస్కేగ్ అనే హిమానీనద పొరను ఒకప్పుడు వరాంగర్ హిమయుగంతో జతచేసేవారు, ఇప్పుడు 71.7 కోట్ల ఏళ్ళ నాడు మొదలైన మరింత పాత హిమయుగం స్టర్షియన్‌తో జతచేస్తున్నారు. రాయి మారలేదు, జత మాత్రమే మారింది. పోలికతో వచ్చిన వయసును కొలిచిన వయసుతో సమానంగా రాయకూడదని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

చివరికి పొరల వరుసను చూపే స్తంభం గీసేటప్పుడు ప్రతి సరిహద్దు ఎలాంటిదో దాని పక్కనే రాయాలి: పొర మీద పొర క్రమంగా పేరుకున్నదా, పాత పొర కొట్టుకుపోయి మిగిలిన కోత తలమా, లేక షియర్ మండలం వెంబడి జారి దగ్గరకు చేరినదా. మూడవ రకం సరిహద్దు ఉన్నచోట రెండు వైపుల శిలలను ఒకే గ్రూపులో చేర్చకుండా, వాటి జిర్కాన్ వర్గాలూ పైదిశలూ సరిపోలే వరకు వేరువేరుగానే ఉంచాలి. మందాన్ని కూడా ఇప్పటి మందంగానే పేర్కొనాలి, ఎందుకంటే మడతలలో పొరలు కొన్నిచోట్ల సాగి పలుచనై, మరికొన్నిచోట్ల పేరుకుని దళసరి అవుతాయి.