పాత బండి, మన చేతులు – 4వ పాఠం: కార్బురేటర్, కానీ ముందు బ్రేకుల సంగతి

ఈసారి కార్బురేటర్ (గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) విప్పుదామని పోయిన పాఠం చివర మాటిచ్చాను. విప్పుదాం. కానీ మూడో పాఠం చదివి బ్రేక్ షూలు మార్చుకున్నవాళ్ళు పంపిన మెసేజ్‌లు చూశాక, ఆ సంగతి తేల్చకుండా ముందుకు పోవడం నావల్ల కావడం లేదు. కార్బురేటర్ తప్పుగా బిగిస్తే బండి దారిలో ఆగిపోతుంది, తోసుకుంటూ ఇంటికి రావచ్చు. బ్రేకు తప్పుగా బిగిస్తే అసలు ఆగదు.

వాటిలో ఒక మెసేజ్ చూసి నాకు గుండె జారింది. "అన్నా, ముందు చక్రం బిగించాక బ్రేకు పట్టుకుంటే టక్‌మని శబ్దం వస్తోంది, బ్రేకు ప్లేటు కొంచెం కదులుతోంది, పర్లేదా?" అని. బండి ఇంట్లోంచి బయటికి తీయొద్దు అని అప్పటికప్పుడే జవాబు పెట్టాను. తప్పు నాదే. "చక్రాన్ని ఫోర్కుల మధ్య పెట్టి యాక్సిల్ (చక్రం ఇరుసు) దూర్చండి" అని ఒక్క ముక్కలో రాసి వదిలేశాను, నాకు చేతికి అలవాటైన పని కాబట్టి అందరికీ తెలుసనుకున్నాను.

ఏం జరుగుతుందో చూడండి. డ్రమ్ము బ్రేకులో షూలు తిరగవు, అవి బ్రేకు ప్లేటు మీద కూర్చుని ఉంటాయి, చుట్టూ డ్రమ్ము తిరుగుతుంది. బ్రేకు నొక్కగానే షూలు విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి. పట్టుకున్న ఆ క్షణంలో డ్రమ్ము ప్లేటును కూడా తనతో పాటు తిప్పేయాలని చూస్తుంది. తిప్పనివ్వకుండా ఆపేది ఒకే ఒక్కటి: ఫోర్కు లోపలి పక్కన బొడిపెలా పొడుచుకొచ్చిన చిన్న ముక్క. ఆ బొడిపె ప్లేటు మీద ఉన్న గాడిలో కూర్చోవాలి. కూర్చోకుండా యాక్సిల్ బిగించేస్తే చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది, నెమ్మదిగా పోతే బ్రేకు కూడా పడుతుంది. కానీ 40 స్పీడులో ఏ గేదో అడ్డొచ్చి గట్టిగా పట్టుకున్నారనుకోండి, ప్లేటు మొత్తం తిరిగిపోతుంది, కేబులు లాక్కుపోతుంది, ముందు చక్రం బిగుసుకుంటుంది. తర్వాత మీరు హ్యాండిల్ మీంచి ముందుకు పడతారు.

కాబట్టి యాక్సిల్ నట్టు బిగించక ముందు సెల్‌ఫోన్ లైటు వేసి ఆ గాడిని కంటితో చూడండి, వేలు పెట్టి తడిమి చూడండి, ప్లేటును చేత్తో అటూ ఇటూ తిప్పబోండి. వెంట్రుకవాసి ఆట ఉంటే ఉండొచ్చు గానీ తిరగకూడదు. వెనక చక్రానికి ఇదే పని చేసేది ప్లేటుకీ స్వింగ్ ఆర్మ్‌కీ (వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే చేయి) మధ్య ఉండే ఇనుప పట్టీ. దాని నట్టునూ, ఆ నట్టుకున్న పిన్నునూ కూడా చూడండి. పాత పిన్నును వంచి మళ్ళీ వాడకండి, కొత్తది పెట్టండి, కొట్లో చిల్లరకే వస్తుంది.

కీచుమనే శబ్దం గురించి ఎక్కువమంది అడిగారు, అది చిన్న విషయం. షూల మీద నున్నగా మెరుస్తున్న పొరను ఉప్పుకాగితంతో గరుకు చేయండి, డ్రమ్ములోని దుమ్మును తడిగుడ్డతో తుడవండి. నోటితో ఊదొద్దు, పాత షూలలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, అది ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. కిరసనాయిలుతో కడిగామని ఇద్దరు రాశారు. ఆ షూలు పారేయండి, లైనింగ్ (షూ మీద డ్రమ్మును పట్టే పొర) నూనె పీల్చేసుకుంటే ఇక పట్టదు. నేను చేసే ఇంకో పని ఉంది, పుస్తకంలో ఉందో లేదో గానీ నాకు ప్రతిసారీ పనిచేసింది: యాక్సిల్ నట్టును చివరి బిగింపు బిగించేటప్పుడు ఎవరినైనా బ్రేకు గట్టిగా పట్టుకోమంటాను. షూలు డ్రమ్ముకు మధ్యలో కుదురుకుంటాయి, అరిచే బ్రేకుల్లో సగం అక్కడే నోరు మూస్తాయి.

మరొకరు వెనక బ్రేకు అడ్జస్టింగ్ నట్టు చివరిదాకా వచ్చేసిందని, బ్రేకు ఆర్మును విప్పి కామ్ (తిరిగి షూలను విచ్చే ఇరుసు) మీద ఒక పన్ను జరిపి బిగించి, "ఇప్పుడు మళ్ళీ బోలెడు నట్టు మిగిలింది" అని సంతోషంగా రాశారు. దయచేసి వెనక్కి తీసేయండి. కామ్ చివరన ఒక చుక్క, ఆర్ము మీద ఒక చుక్క ఉంటాయి, రెండూ ఎదురెదురుగా ఉండాలి. నట్టు అయిపోయిందంటే షూలు అయిపోయాయని అర్థం. అరిగిన షూలతో పన్ను జరిపితే కామ్ అవసరానికి మించి తిరుగుతుంది, ఒక్కోసారి అడ్డం తిరిగి అక్కడే ఇరుక్కుంటుంది, చక్రం వదలదు. ఆర్ము దగ్గర బాణం, ప్లేటు మీద గీత ఇచ్చింది దీనికే. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు బాణం ఆ గీతను చేరితే షూలు మార్చాల్సిందే.

ఇక్కడ్నుంచే కార్బురేటర్‌లోకి వెళ్తున్నాం. "షూలు మార్చాక బండి లాగడం లేదు, మైలేజీ పడిపోయింది, కార్బురేటర్ పాడైనట్టుంది" అని రాసినవాళ్ళున్నారు. నిన్నటిదాకా బాగున్న కార్బురేటర్ బ్రేకు షూలు మారిస్తే ఎందుకు పాడవుతుంది? బ్రేకు పట్టేసి ఉంది, అంతే. సెంటర్ స్టాండ్ వేసి న్యూట్రల్‌లో చక్రాన్ని చేత్తో తిప్పండి. వెనక చక్రానికి చెయిను బరువు కొంచెం ఉంటుంది గానీ ముందుది హాయిగా నాలుగైదు చుట్లు తిరగాలి. తర్వాత బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ ఐదు కిలోమీటర్లు తిరిగొచ్చి, డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చన దాటి కాలుతుంటే మీ పెట్రోలు అక్కడే కాలిపోతోంది. ముందు లివర్ కొనదగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్లు, వెనక పెడల్‌కు 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఖాళీ (బ్రేకు పట్టకముందు ఊరికే కదిలే దూరం) ఉండాలి. నేను పెడల్‌కు 25 పెట్టుకుంటాను. కార్బురేటర్ ట్యూనింగ్ అని ఎవరైనా నా దగ్గరికి వస్తే ముందు చక్రం తిప్పి చూస్తాను, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ తీస్తాను. మీరూ అలాగే చేయండి.

చక్రాలు హాయిగా తిరుగుతున్నాయా? అయితే రండి.

నా దగ్గరున్నది మా నాన్న 1999లో కొన్న స్ప్లెండర్. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 (పొగ కాలుష్యం నిబంధనలు) వచ్చాక కొత్త బండ్లలో చాలావాటికి కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది కాబట్టి ఈ పాఠం అంతకు ముందు బండ్లున్నవాళ్ళకే. ఇంజిన్ చల్లారాక, ఆరుబయట, దగ్గర్లో దీపం గానీ బీడీ గానీ లేకుండా చేయండి. పెట్రోలు కాక్ కట్టేసి, కార్బురేటర్ కింద గిన్నెకున్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, వచ్చే పెట్రోలును గాజు గ్లాసులో పట్టండి. గ్లాసును వెలుతురుకు పెట్టి చూస్తే సగం రోగం అక్కడే తెలుస్తుంది. అడుగున వేరే పొరలా నీళ్ళు, తుప్పు రేణువులు, తెల్లటి పొడి. ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది గాల్లో తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి పక్కన పెట్టిన బండిలో ఈ మురికి ఎక్కువ. పక్కన పెట్టేటప్పుడు కాక్ కట్టేసి గిన్నె ఖాళీ చేసి పెట్టండి.

10 నంబరు పానాతో రెండు బోల్టులు తీస్తే కార్బురేటర్ చేతిలోకొస్తుంది. పైమూత తిప్పి స్లైడ్‌ను, దానికున్న నీడిల్‌ను జాగ్రత్తగా లాగి శుభ్రమైన గుడ్డ మీద పెట్టండి. తిరిగి పెట్టేటప్పుడు స్లైడ్‌లో కోసినట్టున్న వైపు ఎయిర్ ఫిల్టర్ వైపుకు రావాలి. తిరగేసి దూరిస్తే అడుగుదాకా దిగదు, స్టార్ట్ చేయగానే ఇంజిన్ అరుస్తుంది. గిన్నె విప్పడం, ఫ్లోట్ (గిన్నెలో పెట్రోలు మీద తేలే బుడ్డి) పిన్ను లాగడం చూస్తే అర్థమయ్యే పనులే. ఫ్లోట్ కింది సూది మొనను మాత్రం వేలితో తడమండి. గుండ్రంగా గీత పడి ఉంటే ఓవర్‌ఫ్లో (పెట్రోలు పొర్లిపోవడం) దానివల్లే, మార్చేయండి.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే విషయం. జెట్లలో (పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రమున్న ముక్కలు) పిన్నీసు పెట్టి పొడవడం.

మెయిన్ జెట్, స్లో జెట్ రెండూ ఇత్తడివి, మెత్తటి లోహం. వాటి మీద చిన్న అంకె ఉంటుంది. కీహిన్ కంపెనీ జెట్ల మీద ఆ అంకె రంధ్రం సైజును చెబుతుంది. 38 అంటే సుమారు 0.38 మిల్లీమీటర్లు. మామూలు పిన్నీసు దానికంటే చాలా లావు. మొన మాత్రమే దూరుతుంది, నెట్టితే అంచును రాచుకుంటూ పోతుంది. రంధ్రం 0.38 నుంచి 0.40 అయిందనుకుందాం, కంటికి ఏమీ కనపడదు. కానీ పెట్రోలు పోయే వైశాల్యం పెరిగేది సైజును బట్టి కాదు, సైజు వర్గాన్ని బట్టి. 40ని 40తో, 38ని 38తో గుణించి పోల్చండి, 1600కు 1444. దాదాపు 11 శాతం ఎక్కువ దారి! 0.42 అయితే 22 శాతం. మీరు తీసింది మురికి, చేసింది పెద్ద జెట్టు. ఆ తర్వాత స్లో (యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజిన్ నడిచే వేగం) అందదు, పొగ నల్లగా వస్తుంది, ప్లగ్గు మసిబారుతుంది, ఎయిర్ స్క్రూ (గాలి, పెట్రోలు వాటా సరిచేసే స్క్రూ) ఎంత తిప్పినా కుదరదు, ఆఖరికి "కొత్త కార్బురేటర్ వేయాలి" అంటారు. నా బండికి ఓ షెడ్డులో ఇలాగే చేశారు, గిటారు తీగతో. ఏడాదిపాటు లీటరుకు పది కిలోమీటర్లు తక్కువ వచ్చింది, కారణం తెలియక ప్లగ్గు, ఫిల్టర్, చివరికి క్లచ్ ప్లేట్లు కూడా మార్చాను. తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఆ జెట్టునూ కొత్త జెట్టునూ పక్కపక్కన వెలుతురుకు పెట్టి చూపించారు. కొత్తదానిలోంచి వెలుగు సూదితో పొడిచినట్టు గుండ్రంగా వచ్చింది. నా దానిలోంచి కోడిగుడ్డు ఆకారంలో వచ్చింది. ఆ గుడ్డు ఆకారం ఇప్పటికీ నా కళ్ళలో ఉంది.

మరి ఎలా శుభ్రం చేయాలి? రాత్రంతా పెట్రోలులో గానీ కార్బ్ క్లీనర్‌లో గానీ నానబెట్టండి. పొద్దున సైకిల్ పంపుతో గాలి కొట్టండి. వెలుతురుకు పెట్టి చూడండి. ఇంకా మూసుకునే ఉంటే, ఇంట్లో వైరింగుకు వాడే మెత్తటి వైరులోని ఒక్క రాగిపోగు తీసుకోండి. అది సుమారు 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు ఉంటుంది, రాగి ఇత్తడి కంటే మెత్తన, గోడను గీయదు. అదీ తోయాలే తప్ప రాయకూడదు. అప్పటికీ రాకపోతే అదే నంబరు కొత్త జెట్టు కొనండి. నంబరు చదివి కాగితం మీద రాసుకుని కొట్టుకు వెళ్ళండి, "స్ప్లెండర్ జెట్టు" అని అడగొద్దు, ఒక్కో ఏడాది మోడల్‌కు ఒక్కోటి ఉంటుంది.

ఎయిర్ స్క్రూ తీసే ముందు మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో లెక్కపెట్టి రాసుకోండి. ఆగాక బలవంతం చేయొద్దు. ఆ స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే లోపలికి తిప్పితే పెట్రోలు వాటా పెరుగుతుంది, ఇంజిన్ వైపు ఉంటే లోపలికి తిప్పితే తగ్గుతుంది. బిగించాక పది నిమిషాలు బండి నడిపి, వేడి మీద స్లో కాస్త పెంచి, స్క్రూను పావుచుట్టు చొప్పున తిప్పుతూ ఇంజిన్ చప్పుడు ఎక్కడ ఎక్కువ వేగంగా, నిలకడగా ఉందో అక్కడ ఆపి, స్లో తగ్గించండి. చోక్ లాగితేనే స్లో నిలబడుతోందంటే గాలి ఎక్కువవుతోందన్నమాట. స్లో జెట్ ఇంకా మూసుకునే ఉంది, లేదా కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య రబ్బరు రింగు పోయింది. గిన్నె రబ్బరు ఉబ్బి గాడిలో కూర్చోకపోతే ఒక రాత్రి ఆరబెట్టండి, చాలావరకు సర్దుకుంటుంది.

ఈసారి అభ్యాసం కష్టంగానే ఉంటుంది. ముందు చక్రం మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించండి, మూడోసారి బొడిపె గాడిలో కూర్చుందో లేదో కళ్ళు మూసుకుని వేలితోనే చెప్పగలగాలి. కార్బురేటర్ విప్పిన తేదీ, జెట్ల నంబర్లు, స్క్రూ చుట్లు అన్నీ ఒక కాగితం మీద రాసి సీటు కింద పెట్టండి. ట్యాంకు రిజర్వ్‌లోకి వచ్చినచోట సరిగ్గా ఒక లీటరు పోసి, రోజూ పోయే దారిలోనే మళ్ళీ రిజర్వ్ దాకా నడిపి ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో రాయండి. అలా మూడు లీటర్లు. ఒక్క లీటరు లెక్క నమ్మొద్దు.

ఐదో పాఠంలో ట్యాపెట్లు (ఇంజిన్ వాల్వుల సందు సరిచేయడం). అది మొదలుపెట్టే ముందు, ఆ బ్రేకు ప్లేటు కదులుతోందని రాసిన తమ్ముడూ, బొడిపె గాడిలో కూర్చుందని ఒక ఫోటో పంపు. అది చూశాకే తర్వాతి పాఠం రాస్తాను.