దీపావళికి స్ట్రీమింగ్ బాక్స్ కొంటున్నారా? లాస్‌లెస్ సరౌండ్ కోసం జాగ్రత్తలు

తిరుపతి, చిత్తూరు అంగళ్లలో పండగ తగ్గింపుకు బాక్స్, సౌండ్‌బార్ కొనదలచినవారు, లాస్‌లెస్ సరౌండ్ (నాణ్యత ఏమాత్రం తగ్గకుండా చుట్టూ వినిపించే శబ్దం) కావాలంటే డబ్బు కట్టకముందే వీటిని చూసుకోవాలి.

• టీవీ వెనుక హెచ్‌డీఎంఐ పోర్టు పక్కన ‘ఈఆర్క్’ (eARC: టీవీ నుంచి సౌండ్‌బార్‌కు శబ్దాన్ని పంపే ‘ఆర్క్’ మార్గానికి మెరుగైన రూపం) అని ముద్రించి ఉందో లేదో, సౌండ్‌బార్‌కూ అదే ఉందో లేదో స్వయంగా చూడండి. ఉత్త ‘ఆర్క్’ అయితే డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ ఆడియో అనే లాస్‌లెస్ శబ్ద రకాలు దాని గుండా రావు కాబట్టి, టీవీ ద్వారా కలిపితే ఎంత ఖరీదైన సౌండ్‌బార్ కొన్నా లాస్‌లెస్ శబ్దం అందదు. ఏవీ రిసీవర్ (విడి స్పీకర్లను నడిపే పెట్టె) ఉన్నవారు బాక్సును నేరుగా దానికే కలపడం మేలు.

• ఆప్టికల్ కేబుల్ వాడకండి. అందులో కుదించిన 5.1 (ఆరు ఛానళ్ల) శబ్దం లేదా రెండు ఛానళ్ల పీసీఎం (కుదించని డిజిటల్ శబ్దం) మాత్రమే వెళుతుంది.

• నెట్‌ఫ్లిక్స్‌లో ‘అట్మాస్’ (డాల్బీ వారి సరౌండ్ శబ్దం) అని కనిపించినంత మాత్రాన అది లాస్‌లెస్ కాదు, ఎందుకంటే అక్కడ వచ్చేది కుదించిన డాల్బీ డిజిటల్ ప్లస్. అసలైన ట్రూహెచ్‌డీ బ్లూ-రే నుంచి తీసుకున్న ఫైళ్లలో ఉంటుంది. దాన్ని విప్పకుండా యథాతథంగా పంపే ఎన్విడియా షీల్డ్ టీవీ ప్రో వంటి బాక్సునే ఎంచుకోవాలి.

• బిగించాక సెట్టింగుల్లో ‘పాస్‌త్రూ’ (శబ్దాన్ని మార్చకుండా పంపే పద్ధతి) పెట్టి, అటువంటి ఫైలొకటి నడిపి చూడండి. రిసీవర్ తెరపై ‘ట్రూహెచ్‌డీ’కి బదులు ‘డాల్బీ డిజిటల్’ అని వస్తే దారిలో ఎక్కడో కుదింపు జరుగుతున్నట్టే. మార్పిడి గడువు ముగిసేలోపు ఈ పరీక్ష తప్పక చేయండి.