గట్టు రోడ్డు మీద 350 బండి

ఇరవై ఏళ్లుగా బళ్లు తోలుతున్నా, 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ మనకో లెక్కా అనుకున్నానండి. ముమ్మిడివరం దగ్గర కాలవ గట్టు వంపులో, ఆరబోసిన ధాన్యం మీద ముందు బ్రేకు పట్టాను. బండీ నేనూ బోదెలో తేలాం. క్లాసిక్ 350 అంటే 195 కిలోలు, లేపడానికి ముగ్గురొచ్చారు.

ధాన్యం కనబడగానే, దాని మీదకెక్కక ముందే వేగం తగ్గించి రెండో గేరుకి దించండి. గింజల మీద వంచొద్దు, యాక్సిలేటరు నిలకడగా ఉంచండి. బ్రేకుల్లో ఉండే ఏబీఎస్ చక్రాన్ని బిగుసుకోనివ్వదు గానీ గింజల మీద పట్టు తేలేదు. పొలాల్లో దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టరు బురద మరీ మోసం: పైన పొడి, కింద వెన్న.

650 కొన్న మా బావ మాత్రం హైవే దిగడు లెండి.

కోటిపల్లి రేవులో పంటు (బళ్లని ఏరు దాటించే పడవ) ఎక్కాక ఇంజను ఆపి, మొదటి గేరులోనే వదిలేయండి.