యాక్చువేటర్ ఎండ్‌పాయింట్ పలకడం లేదా? ముందు స్టేటస్ కోడ్ చూడండి

స్ప్రింగ్ బూట్ (జావా ఫ్రేమ్‌వర్క్) అప్లికేషన్‌కు యాక్చువేటర్ (అప్లికేషన్ స్థితిని బయటికి చూపే భాగం) జోడించాక వచ్చే ఇబ్బందులు రకరకాలుగా కనిపిస్తాయి కానీ, చాలావాటికి మూలం ఒకటే. ఎండ్‌పాయింట్ (ఆ సమాచారం ఇచ్చే యూఆర్ఎల్) ఉండడం వేరు, అది వెబ్‌లో బయటికి కనిపించడం వేరు, దాన్ని చూసే అనుమతి ఉండడం వేరు. పని ఎక్కడ ఆగిందో స్టేటస్ కోడ్ (సర్వర్ జవాబుతో పంపే మూడంకెల సంఖ్య) చాలావరకు చెప్పేస్తుంది. అందుకే కాన్ఫిగరేషన్ ఫైల్ తెరిచే ముందు ఒకసారి కర్ల్ అనే కమాండ్‌తో పిలిచి ఆ అంకె చూడండి. బ్రౌజర్ అయితే లాగిన్ పేజీకి వెళ్లిపోయి అసలు సంగతి కనపడదు.

సమస్య: హెల్త్ వస్తోంది, మిగతావన్నీ 404 (దొరకలేదు)

కారణం: స్ప్రింగ్ బూట్ 2.5 వెర్షన్ నుంచి వెబ్‌లో డిఫాల్ట్‌గా తెరిచి ఉండేది హెల్త్ ఒక్కటే. అంతకుముందు 2.x వెర్షన్లలో ఇన్ఫో కూడా ఉండేది. పాత ట్యుటోరియల్ చూసి చేసేవాళ్లు తికమకపడేది ఇక్కడే.

పరిష్కారం: మేనేజ్‌మెంట్.ఎండ్‌పాయింట్స్.వెబ్.ఎక్స్‌పోజర్.ఇన్‌క్లూడ్ అనే ప్రాపర్టీలో కావలసిన పేర్లు కామాలతో రాయండి: హెల్త్, ఇన్ఫో, మెట్రిక్స్, ఇలా. మార్పు పట్టిందో లేదో స్టార్టప్ లాగ్‌లోనే తెలుస్తుంది. బేస్ పాత్ కింద ఎన్ని ఎండ్‌పాయింట్లు తెరుస్తోందో అక్కడ ఒక లైను వస్తుంది. మీరు నాలుగు రాస్తే అక్కడ 1 అని ఉందంటే, ఆ ఫైల్‌ను అప్లికేషన్ చదవనే లేదు. ప్రొఫైల్ పేరో, యామల్ (కాన్ఫిగరేషన్ ఫైల్ ఫార్మాట్)లో ఇండెంటేషనో తేడా కొట్టి ఉంటుంది.

పేర్లు రాయడానికి బద్ధకించి * (అన్నీ అని అర్థం) పెట్టేవాళ్లు చాలామంది. సొంత మెషీన్‌లో అయితే సరే (యామల్‌లో దానికి కోట్స్ తప్పనిసరి, లేకపోతే ఫైలే చదవలేదు). ప్రొడక్షన్‌లో మాత్రం వద్దనే అంటాను. ఎండ్‌పాయింట్లలో ఒకటైన హీప్‌డంప్ అంటే అప్లికేషన్ మెమరీని ఫైల్ చేసి చేతికివ్వడమే. పాస్‌వర్డ్‌లు, టోకెన్లు, యూజర్ల డేటా అన్నీ అందులో దొరకొచ్చు. 3.5 నుంచి దాన్ని డిఫాల్ట్‌గా మూసే ఉంచుతున్నారు. * తప్పదనుకుంటే ఎక్స్‌క్లూడ్‌లో ప్రమాదకరమైనవి రాయండి. రెండింటిలోనూ ఒకే పేరు ఉంటే ఎక్స్‌క్లూడ్ మాటే చెల్లుతుంది.

సమస్య: ఇన్‌క్లూడ్‌లో పేరు ఉంది, అయినా 404

ప్రోమిథియస్ (మెట్రిక్స్ సేకరించే టూల్) అయితే, మైక్రోమీటర్ (మెట్రిక్స్ లైబ్రరీ) వాళ్ల ప్రోమిథియస్ రిజిస్ట్రీ డిపెండెన్సీ లేదన్నమాట. అది చేర్చే వరకు ఆ ఎండ్‌పాయింట్ పుట్టదు.

షట్‌డౌన్ (అప్లికేషన్‌ను ఆపేది) అయితే, అది ముందునుంచీ ఆపే ఉంటుంది. 3.4కు ముందు దాని ఎనేబుల్డ్ ప్రాపర్టీని ట్రూ చేయాలి, 3.4 నుంచి యాక్సెస్‌ను అన్‌రిస్ట్రిక్టెడ్ చేయాలి. హెచ్‌టీటీపీ ట్రేస్ (ఇటీవలి రిక్వెస్టుల జాబితా) కోసం వెతుకుతుంటే, 3.0లో దాని పేరు హెచ్‌టీటీపీ ఎక్స్ఛేంజెస్‌గా మారింది. రిక్వెస్టులు దాచుకునే రిపాజిటరీ బీన్ (స్ప్రింగ్ నడిపే ఆబ్జెక్ట్) కూడా మీరే ఇవ్వాలి.

సమస్య: /యాక్చువేటర్ సహా ఏదీ దొరకడం లేదు

స్టార్టర్ డిపెండెన్సీ ఉందని నిర్ధారించుకున్నాక పోర్ట్ చూడండి. మేనేజ్‌మెంట్.సర్వర్.పోర్ట్ వేరుగా పెట్టి ఉంటే 8080లో ఎంత వెతికినా కనపడదు. ఆ వేరే పోర్ట్‌కు అప్లికేషన్ కాంటెక్స్ట్ పాత్ (యూఆర్ఎల్ దారిలో మొదట వచ్చే అప్లికేషన్ భాగం) వర్తించదు. అందుకే నిన్నటిదాకా పనిచేసిన యూఆర్ఎల్‌లో పోర్ట్ ఒక్కటే మార్చి పిలిస్తే 404 వస్తుంది, ముందున్న కాంటెక్స్ట్ పాత్ కూడా తీసేయాలి. కనెక్షనే తిరస్కరిస్తుంటే, మేనేజ్‌మెంట్ సర్వర్ అడ్రస్‌ను 127.0.0.1 (ఆ మెషీన్‌కే పరిమితం) అని ఎవరైనా కట్టేశారేమో, కంటైనర్‌లో ఆ పోర్ట్ తెరిచి ఉందో లేదో చూడండి.

సమస్య: 401 (లాగిన్ కావాలి) లేదా 403 (అనుమతి లేదు)

ఎండ్‌పాయింట్ ఉంది, స్ప్రింగ్ సెక్యూరిటీ ఆపుతోంది. మీరు సొంత ఫిల్టర్ చెయిన్ (రిక్వెస్టులను తనిఖీ చేసే ఫిల్టర్ల వరుస) రాయనంతవరకు హెల్త్ తప్ప మిగతావాటికి లాగిన్ అడుగుతుంది. సొంత చెయిన్ రాయగానే ఆ ఏర్పాటు తప్పుకుంటుంది, అప్పుడు హెల్త్‌కు కూడా 401 రావచ్చు. లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్టులను సర్వర్లకు పంచేది) సర్వర్‌ను పక్కన పెట్టేస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

జీఈటీ పనిచేసి, లాగర్ లెవెల్ మార్చే పోస్ట్‌కు మాత్రం 403 వస్తుంటే అది సాధారణంగా సీఎస్‌ఆర్‌ఎఫ్ (వేరే సైటు యూజర్ పేరుతో దొంగ రిక్వెస్టు పంపడం) రక్షణ పని.

అన్నిటికీ పర్మిట్ ఆల్ ఇచ్చేస్తే సమస్య పోయినట్టే ఉంటుంది, కానీ అది తాళం పగలగొట్టి తలుపు తెరిచినట్టు. ఎండ్‌పాయింట్ రిక్వెస్ట్ మ్యాచర్‌తో యాక్చువేటర్‌కు వేరే చెయిన్ రాసి, మిగతా చెయిన్ కంటే ముందు వచ్చేలా ఆర్డర్ పెట్టండి. హెల్త్‌ను తెరిచి, మిగతావాటికి ఒక రోల్ అడగండి. వాటిని పిలిచేవి స్క్రిప్టులే తప్ప బ్రౌజర్లు కావనుకుంటే ఆ ఒక్క చెయిన్‌లోనే సీఎస్‌ఆర్‌ఎఫ్ ఆపండి.

సమస్య: అప్లికేషన్ బాగానే ఉంది, హెల్త్ మాత్రం 503 (సర్వీసు అందుబాటులో లేదు)

టెన్షన్ పెట్టేది ఇదే. హెల్త్ అనేది చాలా చిన్న పరీక్షల మొత్తం: డేటాబేస్, రెడిస్, మెయిల్ సర్వర్, డిస్క్. ఒక్కటి డౌన్ అన్నా మొత్తం డౌన్. ఏది కూలిందో తెలియాలంటే షో డీటెయిల్స్‌ను వెన్ ఆథరైజ్డ్‌గా మార్చి, లాగిన్ వివరాలతో పిలవండి. డిఫాల్ట్ నెవర్ కాబట్టి అప్పటిదాకా ఒట్టి డౌన్ అనే మాటే కనిపిస్తుంది. తరచుగా దొరికే దొంగ మెయిల్ సర్వర్. మెయిల్ పోకపోయినా అప్లికేషన్ నడుస్తుందంటే ఆ ఒక్క పరీక్షను ఆపేయండి. డిస్క్ విషయంలో డిఫాల్ట్ హద్దు 10 ఎంబీ ఖాళీ. అంత తక్కువకు వచ్చాక తెలిసినా పెద్దగా ఉపయోగం లేదు, హద్దు పెంచుకోండి.

కుబెర్నెటిస్ (కంటైనర్లను నడిపే వ్యవస్థ)లో ఇదే ఇంకో రూపంలో వస్తుంది: పాడ్‌లన్నీ (అప్లికేషన్ కంటైనర్లు ఉండేవి) ఒకేసారి రీస్టార్ట్ అవుతుంటాయి. లైవ్‌నెస్ ప్రోబ్ (అప్లికేషన్ బతికుందా అనే పరీక్ష)ను నేరుగా /యాక్చువేటర్/హెల్త్‌కు కట్టి ఉంటారు. డేటాబేస్ కాసేపు పలక్కపోతే చాలు, ఏ తప్పూ లేని పాడ్‌లను కుబెర్నెటిస్ చంపేస్తుంది. రీస్టార్ట్ చేస్తే డేటాబేస్ బాగుపడదు కదా, పైగా కొత్త కనెక్షన్లన్నీ ఒక్కసారే మీదపడతాయి. 2.3 నుంచి దీనికి హెల్త్ కింద లైవ్‌నెస్, రెడీనెస్ (ట్రాఫిక్‌కు సిద్ధమా అనే పరీక్ష) అని వేర్వేరు దారులు ఉన్నాయి, ప్రోబ్‌లను వాటికి మార్చండి. బయటి సర్వీసులను లైవ్‌నెస్‌లో ఎప్పుడూ చేర్చకండి. రెడీనెస్‌లో కూడా, అన్ని పాడ్‌లూ కలిసి వాడే డేటాబేస్‌ను చేర్చేముందు ఆలోచించండి. అది పడితే ట్రాఫిక్ తీసుకోవడానికి ఒక్క పాడ్ కూడా మిగలదు.

మేనేజ్‌మెంట్ పోర్ట్ వేరుగా ఉంటే ఇంకో చిక్కు. అసలు పోర్ట్ కొత్త కనెక్షన్లు తీసుకోలేని స్థితిలో ఉన్నా, ఆ పక్క పోర్ట్ మాత్రం అంతా బాగుందనే చెప్పొచ్చు. ప్రోబ్‌ల సెట్టింగుల్లో యాడ్ అడిషనల్ పాత్స్‌ను ట్రూ చేస్తే /లైవ్‌జెడ్, /రెడీజెడ్ అసలు పోర్ట్‌లోనే దొరుకుతాయి.

సమస్య: 200 వస్తోంది, లోపల సమాచారం లేదు

ఇన్ఫో ఖాళీ బ్రాకెట్లు ఇస్తుంటే: 2.6 నుంచి ఇన్ఫో. అని మొదలయ్యే ప్రాపర్టీలు వాటంతట అవి రావు. మేనేజ్‌మెంట్.ఇన్ఫో.ఎన్వ్.ఎనేబుల్డ్‌ను ట్రూ చేయాలి.

ఎన్వ్ (సెట్టింగుల విలువలు చూపే ఎండ్‌పాయింట్)లో విలువలన్నీ ****** అని వస్తుంటే అది బగ్ కాదు. 3.0 నుంచి అన్ని విలువలనూ డిఫాల్ట్‌గా దాచేస్తున్నారు. షో వాల్యూస్‌ను వెన్ ఆథరైజ్డ్ చేస్తే అనుమతి ఉన్నవాళ్లకు కనిపిస్తాయి. ఆల్వేస్ జోలికి పోకండి.